వెనక గదిలోకి ఎవరూ రాలేదు

టాకెట్ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టలేదు, విసిరాడు. అది జారుకుంటూ వచ్చి విమలకుమారి చేతిసంచికి తగిలి ఆగింది.

"చదువుకోండి. సంతకంతో సహా ఉంది. ఇక మీరు హాయిగా రాలీ వెళ్ళిపోవచ్చు."

విమల చదివింది. చదవడానికి పెద్దగా ఏమీ లేదు. "ఎలైజా మెర్రిట్ చావుకి కారణం నేనే." కింద ఓడెసా పర్‌డీ సంతకం. తేదీ 1981 జూన్ 17. సమయం సాయంత్రం అయిదూ పది.

"చావుకి కారణం నేనే అంది. ఇంజెక్షన్ ఇచ్చాను అని ఎక్కడా లేదే?"

"రెండూ ఒకటే కదా?"

"కాదు కాబట్టే అడుగుతున్నాను."

షెరీఫ్ ఆఫీసులో పదిహేనేళ్ళుగా డిటెక్టివ్ అనిపించుకుంటున్న టాకెట్‌కి ఆడది ఎదురుప్రశ్న వేస్తే ఒళ్ళు మండుతుంది. వేసింది చీర కట్టిన ఆడదైతే ఇక చెప్పనక్కర్లేదు. కానీ అనుమానపు చావు ఏ కౌంటీలో జరిగినా శవాన్ని చూసి రిపోర్టు రాయాల్సింది రాలీలోని రాష్ట్ర శవపరీక్షల ఆఫీసు. ఆ ఆఫీసు ఇన్వెస్టిగేటరు విమలకుమారి. గుంటూరులో ఓ మిషన్ ఆస్పత్రిలో పదకొండేళ్ళు నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఆవిడని గెంటెయ్యడానికి టాకెట్‌కి అధికారం లేదు. ఉంటే ఈపాటికి గెంటేసేవాడే.

కేసు చూస్తే అరచేతి మందం కూడా లేదు. స్కూలు బస్సు నడిపే ఎలైజా మెర్రిట్, అరవై ఒక్కేళ్ళవాడు, గొంతు నొప్పి, జ్వరం అని నిన్న పొద్దున తొమ్మిదీ పదికి డాక్టర్ కృష్ణమోహన్ క్లినిక్‌కి వచ్చాడు. పదకొండుంపావు, పదకొండున్నర మధ్య అక్కడే ప్రాణం పోయింది. పెన్సిలిన్ పడని ఒళ్ళు. ఖాళీ అయిన పెన్సిలిన్ సీసా ఆయా ఓడెసా ఏప్రన్ జేబులో దొరికింది. లైసెన్సు లేకుండా ఇంజెక్షన్ పొడిచి మనిషిని చంపిందని టాకెట్ ఆవిడని లోపలేశాడు. ఈ మధ్యాహ్నం రెండింటికి జడ్జి ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఆవిడ ఇదే మాట అంటే, యాభై నాలుగేళ్ళ ఆడమనిషి ఇక బయటికొచ్చేసరికి ముసలిదైపోతుంది.

ఇప్పుడు టైము పదీ ఇరవై.

"శవం ఎడమ ముంజేతి మీద నీలం సిరాతో చిన్న సున్నా ఉంది. చూశారా?" అంది విమల.

"తోచక గీసుకుని ఉంటాడు. రెండు గంటలు కూర్చోబెడితే నేనూ గీసుకుంటాను."

పొద్దున ఎనిమిదిన్నరకి శవాన్ని చూసినప్పుడే విమల దాన్ని గుర్తుపట్టింది. ఉబ్బిపోయిన పెదాలు, ఒళ్ళంతా దద్దుర్లు, ఆ సున్నా మధ్యలో మినప్పప్పంత పొంగు. మన ఆస్పత్రుల్లో పెన్సిలిన్ ఇచ్చేముందు చర్మం కింద చుక్కంత మందు ఎక్కించి, చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి, పొంగుతుందేమో చూడ్డానికి ఇరవై నిమిషాలు కూర్చోబెడతారు. టెస్ట్ డోసు అంటారు దాన్ని. ఆవిడ తన చేత్తో అలాంటి సున్నాలు ఎన్ని వేల మంది చేతుల మీద గీసిందో. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళైనా ఇక్కడివాళ్ళెవరూ గీయగా చూడలేదు. ఇక్కడ పడుతుందా పడదా అని అడుగుతారు, పొడుస్తారు, పంపేస్తారు.

ఓడెసా పని నేర్చుకున్నది ఇక్కడే, డర్హమ్‌లో. ఆ సున్నా గీసిన చెయ్యి గుంటూరులోనో, విశాఖపట్నంలోనో, ఆ చుట్టుపక్కలో పని నేర్చుకున్నది. ఒంటికి బాగా పడనివాడైతే ఆ చుక్క మందే చాలు ప్రాణం తియ్యడానికి.

"క్లినిక్ చూస్తాను," అంది లేస్తూ.

"నేనూ వస్తాను," అన్నాడు టాకెట్.

క్లినిక్ తెరిచే ఉంది! నిన్న మనిషి చచ్చిన చోట పొద్దున తొమ్మిదికల్లా నేల తుడిచేసి మళ్ళీ రోగుల్ని కూర్చోబెట్టారు. సిగ్గూ శరం ఉన్నవాళ్ళు ఒక్కరోజైనా మూస్తారు.

ముందు గదిలో ఏసీ, తివాచీ, మెత్తటి కుర్చీలు పద్నాలుగు, పత్రికలు. కూర్చున్నవాళ్ళు అయిదుగురూ తెల్లవాళ్ళే. భవనం పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్తే వెనక గది. మూడు బల్లలు, ఒక టేబుల్ ఫ్యాను, అది కూడా ఊగిసలాడుతూ. కూర్చున్న తొమ్మిది మందీ నల్లవాళ్ళే. తలుపు పైన గోడ మీద ఒకచోట రంగు వెలవలేదు, కొత్తగా ఉంది. పదిహేడేళ్ళ కిందట తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడిగా కూర్చోబెట్టకూడదని చట్టం వచ్చాక అక్కడి 'నల్లవాళ్ళకి' అనే బోర్డు పీకేశారు. ఇప్పుడు నువ్విటు, నువ్వటు అని ఎవరూ చెప్పరు. వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు. ముందు గది ఖాళీ అయ్యాకే డాక్టరు వెనక గదివాళ్ళని చూస్తాడు. మెర్రిట్ రెండు గంటలు కూర్చున్నది అందుకే.

విమల మందుల బీరువా తీసి చూసింది. ప్రతి సీసా మీదా గడువు దాటిన తేదీ. ముందు గదిలో పనికిరాకుండా పోయినవన్నీ వెనక గదికి మందులట! ప్రాణం నిలబెట్టే అడ్రినలిన్ మాత్రం వెతికినా ఒక్కటి లేదు.

"అడ్రినలిన్ ఎక్కడుంటుంది?"

"ముందువైపు బీరువాలో," అన్నాడు టాకెట్ ఆవలిస్తూ.

రెండు గదుల మధ్యా ఒక తలుపుంది. గడియ అవతలివైపు మాత్రమే. విమల వంగి చూసింది. తలుపు అడుగున తెల్లరంగు పెచ్చులూడి ఉంది. నాలుగైదు చోట్ల గోధుమరంగు బూట్ పాలిష్ మరకలు. ఎవరో కాలితో తన్నారు. గట్టిగా, చాలాసార్లు.

కిటికీ పక్కన బల్ల మీద హ్యాటీ గ్రేడీ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి. నిన్నా అక్కడే కూర్చుంది. నిన్న చూడకుండానే క్లినిక్ మూసేశారు గనక ఇవాళ మళ్ళీ వచ్చింది. విమల ఆవిడ పక్కనే చతికిలబడింది.

"అమ్మా, నిన్న ఈ గదిలోకి ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదు. డిటెక్టివ్‌గారికి చెప్పానుగా."

"డిటెక్టివ్‌గారు ఏమని అడిగారు?"

"తెల్లవాళ్ళెవరైనా వచ్చారా అన్నారు. లేదన్నాను. మావాళ్ళలో కొత్తముఖం ఎవరైనా వచ్చిందా అన్నారు. లేదన్నాను."

విమల తన వైపు చూపించుకుంది. "నాలాంటివాళ్ళెవరైనా వచ్చారా?"

"ఓ, డాక్టరుగారి బావమరిదా? ఆ అబ్బాయి రెండేళ్ళుగా రోజూ వస్తాడుగా. మమ్మల్ని చూసేది అతనే. పదకొండూ అయిదుకి ఎలైజా చేతి మీద ఏదో చిన్నగా పొడిచాడు. మూడు నిమిషాలకే ఎలైజా గొంతు పట్టుకున్నాడు. ఆ అబ్బాయి ఈ తలుపు ఎంత బాదాడనుకున్నారు!"

"ఇది నిన్ననే చెప్పొచ్చు కదమ్మా?"

"అడిగితే కదా. అతను తెల్లవాడూ కాదు, మావాడూ కాదు. వాళ్ళడిగిన దానికే జవాబు చెప్పడం ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి అలవాటమ్మా."

విమల గిరుక్కున తిరిగి చూసింది. టాకెట్ గుమ్మంలో లేడు. ఎటు వెళ్ళాడో వెంటనే తట్టి, చరచరా ముందు గదికి నడిచింది. రిసెప్షన్ బల్ల దగ్గర అతను నిన్నటి అపాయింట్‌మెంట్ పుస్తకం చంకలో పెట్టుకుంటున్నాడు.

"అది ఇలా ఇవ్వండి."

"ఇది కౌంటీ సాక్ష్యం."

"చావు కేసులో ఏ కాగితమైనా మా ఆఫీసు ముందు చూస్తుంది. ఇవ్వను అని రాసివ్వండి, మీ షెరీఫ్‌తోనే మాట్లాడతాను."

అందరూ చూస్తున్నారు. అతను పుస్తకం బల్ల మీద కొట్టాడు. విమల వేలు పెట్టి వరసలు చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. 10:55. టాకెట్. ఎడమ అరచెయ్యి, ఆరు కుట్లు. ముగిసింది 11:30.

అతని ఎడమచేతి కట్టుకేసి చూసి, "అయితే మెర్రిట్ చచ్చిపోతున్నప్పుడు మీరు గోడకి ఇవతల పడుకుని ఉన్నారన్నమాట," అంది. "తర్వాత కారెక్కి నాలుగు వీధులు తిరిగి, పన్నెండూ పదికి మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఏం జరిగింది అని అడిగారన్నమాట. తలుపు చప్పుడు వినబడలేదా?"

"ఎందుకు వినబడదు? వాళ్ళు రోజూ కొడుతూనే ఉంటారు. చేతిలో సూదితో డాక్టరు లేవబోతే నేనే కూర్చోమన్నాను. నా వంతు ముందు కదా?"

ఇంత మాటా అతను గొంతు తగ్గించకుండా అన్నాడు. ముందు గదిలో ఒక్కరూ తలెత్తలేదు. ఒకాయన పత్రికలో పేజీ తిప్పుకున్నాడు. ఛీ, వీళ్ళ మధ్య నిలబడి ఈ గాలి పీల్చాలంటేనే విమలకి రోతగా అనిపించింది.

డాక్టరు ఇల్లు క్లినిక్ వెనకాల, గడ్డి దాటగానే. పన్నెండున్నరకి ఆయన భోజనానికి వచ్చాడు. విమలని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"రండి రండి విమలగారూ! ఈ ఊళ్ళో తెలుగు మాట వినడమే గగనం. జయంతీ, కాఫీ! మీదే ఊరండీ?"

"బాపట్ల."

"బాపట్లలో ఎక్కడ?"

"మిషన్ కాంపౌండ్ వెనక."

"ఓహో," అన్నాడు డాక్టర్ కృష్ణమోహన్.

ఆ ఓహో విమలకి పుట్టినప్పటినుంచీ తెలుసు. దాని అర్థం ఇక్కడెవరూ చెప్పనక్కర్లేదు. ఆయన భార్య జయంతి కాఫీ తెచ్చింది. ఆయనకి స్టీలు గ్లాసులో, విమలకి పేపరు కప్పులో. బాపట్లలో విమల వాళ్ళ నాన్నకి బస్టాండు దగ్గర హోటల్లో చూరులో దోపిన గ్లాసు తీసి, దూరంనుంచి టీ పోసేవాళ్ళు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. ఇక్కడికొచ్చి పేపరు కప్పు కనిపెట్టారు, కడిగే పని కూడా తప్పింది. విమల ఆ కప్పుని ముట్టుకోలేదు.

"మీ బావమరిదిని పిలవండి."

"నరసింహా? వాడికేం సంబంధం? వాడు విజిట్‌కి వచ్చాడు."

"రెండేళ్ళ విజిటా?"

డాక్టరు నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించాడు. "చూడండి, మనలో మనమాట. వాడు ఎంబీబీఎస్. ఇక్కడి ఎగ్జామ్ రెండుసార్లు పోయింది. ప్రాక్టీసు టచ్ పోకూడదని వెనక గదిలో కొంచెం హెల్ప్ చేస్తున్నాడు, అంతే."

"ముందు గదిలో ఎందుకు హెల్ప్ చెయ్యడు?"

"భలేవారే! వాళ్ళు ఊరుకుంటారా? లైసెన్స్ ఏదని అడుగుతారు."

"వీళ్ళు అడగరు గనక వీళ్ళ మీద చెయ్యి తిప్పుకుంటున్నాడు."

"ఈ రెండు గదులూ నేను కట్టానా? ప్రాక్టీసు కొన్నప్పుడే ఇలా ఉంది. ఇక్కడి పద్ధతి. నేను మార్చబోతే ముందు గది మర్నాటికి ఖాళీ. ఆ ఓడెసాకి పోయేదేముంది చెప్పండి? డిగ్రీయా, లైసెన్సా? మనవాడిది లైఫ్ అండీ. మనవాళ్ళం మనం చూసుకోకపోతే..."

"మనవాళ్ళమా? ఇప్పుడే కదండీ ఓహో అన్నారు!"

లోపలి గది తలుపు దానంతటదే తెరుచుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ నరసింహ, నిద్రలేని కళ్ళతో, గడ్డంతో గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళకి గోధుమరంగు బూట్లు. కుడి బూటు ముందుభాగం తెల్లరంగు అంటి గీరుకుపోయి ఉంది.

"ఎన్నిసార్లు తన్నావు తలుపుని?" అంది విమల.

"లెక్కపెట్టలేదక్కా." అతను గోడకి జారగిలబడ్డాడు. "టెస్ట్ డోసే ఇచ్చాను. ఒట్టు. మిగతాది సిరంజిలోనే ఉండిపోయింది. మూడు నిమిషాల్లో ఆయనకి ఊపిరాడలేదు. అడ్రినలిన్ ఆ తలుపు అవతల, పన్నెండు అడుగుల దూరంలో. బావా, బావా అని అరిచాను. ఒక్క అయిదు నిమిషాలు అన్నాడు బావ, లోపల్నించి."

"నోర్ముయ్యరా!" అన్నాడు డాక్టరు.

"నువ్వు బయటినుంచి చుట్టూ తిరిగి వెళ్ళొచ్చుగా ముందువైపుకి?" అంది విమల.

"ముందు గదివాళ్ళ కళ్ళబడొద్దని బావ మొదటిరోజే చెప్పాడు. పోలీసాయన లోపలున్నాడని తెలుసు. భయపడ్డాను. ఓడెసాయే పరిగెత్తింది. వెనక్కి వచ్చేసరికి అయిపోయింది. నేనేం మందిచ్చానో చదవడానికి కింద పడ్డ సీసా తీసింది. అదే ఆవిడ జేబులో దొరికింది."

"ఆయనకి పెన్సిలిన్ పడదని ఓడెసాకి తెలుసా?"

"అందరివీ నోటికి తెలుసావిడకి. వెనక గదివాళ్ళకి ఫైళ్ళుండవు కదా."

"మరి ఆవిడని అడగలేదేం?"

నరసింహ నేలకేసి చూశాడు. "ఆయా కదా అని..."

విమలకి కోపం తన్నుకొచ్చింది. ఆయా కదా! పక్కనే నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడిగితే ఒక ప్రాణం దక్కేది. నోట్‌బుక్ తీసి, అతను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి, చదివి వినిపించి, చేతికిచ్చింది. అతను సంతకం పెడుతుంటే డాక్టరు కేకలు వేశాడు.

"ఒరేయ్, నీ వీసా సంగతి ఆలోచించావా? నా లైసెన్స్? మీ అక్క, పిల్లలు ఏమైపోతారు?"

"నిన్న రాత్రి నిద్ర పట్టిందా బావా నీకు?" అన్నాడు నరసింహ. డాక్టరు స్టీలు గ్లాసు అందుకుని కాఫీ తాగాడు.

కోర్టు వరండాలోకి వచ్చేసరికి రెండుకి పది నిమిషాలుంది. ఓడెసా నల్లటి చేతులకి బేడీలతో బల్ల మీద కూర్చుని ఉంది. తెల్ల ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది, మార్చుకోనివ్వలేదు. పక్కనే టాకెట్. విమలనీ, వెనకాల నరసింహనీ చూసి అతని దవడ బిగుసుకుంది.

"ఓడెసా, మీరు ఇంజెక్షన్ ఇవ్వలేదు," అంది విమల ఆవిడ ముందు వంగి. "ఇదిగో ఇచ్చినవాడి సంతకం. వీళ్ళు మిమ్మల్ని బెదిరించి ఆ కాగితం రాయించుకున్నారు. జడ్జితో ఆ ఒక్క మాట చెప్పండి, సాయంత్రానికి ఇంటికెళ్తారు."

"అడగండి," అన్నాడు టాకెట్. "ఎవరు బెదిరించారో అడగండి."

"ఎవరూ బెదిరించలేదమ్మా," అంది ఓడెసా. "నేనే రాశాను."

"ఎవర్ని కాపాడ్డానికి? ఆ డాక్టరునా?"

"ఆయన్ని కాపాడి నాకేం వస్తుంది? నేను చేసింది నేను రాశాను."

"ఏం చేశారు మీరు?"

ఓడెసా బేడీల కేసి చూసుకుంది. "మందు తేవడానికి చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికి పరిగెత్తాను. ఇరవై రెండేళ్ళుగా ఆ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ముందు గది తుడవడానికి కూడా అందరూ వెళ్ళిపోయాక మధ్య తలుపులోంచే వెళ్ళేదాన్ని. తివాచీ తడి ఆరాలని నిన్న ఆ ముందు తలుపు బార్లా తీసి, అడ్డంగా ఇటుక పెట్టారు. ఏసీ చల్లగాలి నా మొహానికి తగులుతోంది. బీరువా కనబడుతోంది. తాళం కూడా వెయ్యలేదు. లోపల అయిదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఒకరు తలెత్తి ఏమిటి ఓడెసా అంటారేమో, అప్పుడు వెళ్దామని మెట్టు మీద నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"లోపల గోడ మీద గడియారం ఉందమ్మా. నాలుగు నిమిషాలు."

"ఎవరు ఆపారు మిమ్మల్ని?"

"అదే కదా. ఎవరూ ఆపలేదు. వాళ్ళు చూడను కూడా లేదు. వెళ్ళు, వెళ్ళు అనుకుంటూనే ఉన్నాను. కాలు లోపలికి పడలేదు. గోడకి అవతల ఎలైజా గురక ఆగిపోవడం నాకు వినబడింది. అతను మా చర్చిలో నా పక్కనే నిలబడి పాడేవాడు. వాళ్ళావిడకి ఏమని చెప్పను?"

విమల చేతిలో నరసింహ సంతకం పెట్టిన కాగితం ఉంది. అందులో అంతా నిజమే ఉంది. అది ఈ మనిషికి ఎందుకూ పనికిరాదని ఇప్పుడు అర్థమైంది. టాకెట్ మొహంలో నవ్వు చూసి చెంప పగలగొట్టాలనిపించింది.

"జడ్జి ఏమడిగినా ఇదే చెప్తాను," అంది ఓడెసా. "మీరు మంచివారు. అడ్డు రాకండి."

లోపలినుంచి గుమాస్తా ఆవిడ పేరు పిలిచాడు. కోర్టు హాలుకి వరండావైపు రెండు ద్వారాలున్నాయి. రెండూ తెరిచే ఉన్నాయి. ఓడెసా లేచి, ఏప్రన్ సర్దుకుని, టాకెట్ వైపు తిరిగింది.

"నేను ఏ తలుపులోంచి వెళ్ళాలి సార్?" అని అడిగింది.